ఆరోగ్య ఖర్చు ఎక్కడ ఊరుతోంది?

దేశం మొత్తం మీద వైద్యానికి ఎంత ఖర్చవుతోందో కేంద్ర ఆరోగ్య శాఖ ఏటా లెక్క కడుతుంది. వాటినే జాతీయ ఆరోగ్య ఖాతాలు అంటారు. 2013-14లో ఆ మొత్తం రూ.4,53,106 కోట్లు. 2021-22కి వచ్చేసరికి రూ.9,04,461 కోట్లు. ఎనిమిదేళ్లలో రెట్టింపు. తలసరిన చూస్తే రూ.3,638 నుంచి రూ.6,602కి చేరింది.

ఈ అంకెలు చూసి బెంబేలెత్తే ముందు పక్క గడి కూడా చూడాలి. జీడీపీలో వాటాగా ఇదే ఖర్చు 2013-14లో 4 శాతం, 2021-22లో 3.8 శాతం. అంటే దేశ ఆదాయం ఎంత వేగంగా పెరిగిందో వైద్య ఖర్చూ ఇంచుమించు అంతే పెరిగింది. 2023లో అమెరికా తన జీడీపీలో 17.6 శాతం వైద్యానికి పెట్టింది. ఆ లెక్కన మనది పెద్ద ఖర్చే కాదు. అయినా ఆసుపత్రి మెట్లెక్కిన ఏ కుటుంబమూ ఈ మాట నమ్మదు, నమ్మకపోవడానికి కారణాలూ ఉన్నాయి.

ముందు ఆ రెట్టింపును విడదీయాలి. ఎనిమిదేళ్లలో రెట్టింపు అంటే ఏటా సగటున 9 శాతం. అందులో జనాభా పెరుగుదల ఒక శాతానికి కాస్త పైన. మామూలు ధరల పెరుగుదల 5 శాతం చుట్టుపక్కల. ఇవి రెండూ తీసేస్తే మిగిలేది దాదాపు 3 శాతం. అసలు విషయమంతా ఆ మూడు శాతంలోనే ఉంది. జనం వయసు మీరడం, దీర్ఘకాలిక జబ్బులు, కొత్త యంత్రాలు, అవసరం లేని పరీక్షలు, మామూలు ధరలకంటే వేగంగా పరిగెత్తే ఆసుపత్రి ధరలు అన్నీ దానిలోనే కలిసిపోయి ఉంటాయి. ఖాతాల్లో వీటికి విడివిడి గడులు లేవు. బిల్లులు, సర్వేలు, ప్యాకేజీ జాబితాలు తిరగేస్తేనే తెలుస్తుంది.

ఎవరి జేబు నుంచి?

మొత్తం కంటే ఎక్కువగా మారింది చెల్లించేవాళ్ల వరుస. 2013-14లో ప్రతి వంద రూపాయల్లో 64 రూపాయల 20 పైసలు జనం నేరుగా జేబులోంచి కట్టారు. 2021-22లో అది 39 రూపాయల 40 పైసలు. అదే కాలంలో ప్రభుత్వ వాటా 28.6 నుంచి 48 శాతానికి పెరిగింది. తలసరి ప్రభుత్వ ఖర్చు రూ.1,042 నుంచి రూ.3,169 అయింది. జీడీపీలో ప్రభుత్వ ఖర్చు 1.84 శాతానికి చేరింది. 2025 నాటికి 2.5 శాతం చేస్తామని 2017 జాతీయ ఆరోగ్య విధానంలో రాసుకున్నారు. 2021-22 కొవిడ్ టీకాల ఏడాది కాబట్టి ఆ 1.84ను కూడా కాస్త తగ్గించుకునే చదవాలి.

జేబు ఖర్చు అంకె విషయంలో మరింత జాగ్రత్త కావాలి. తలసరి జేబు ఖర్చు 2013-14లో రూ.2,336, 2021-22లో రూ.2,600. ఎనిమిదేళ్లలో పదకొండు శాతం పెరిగిందట. రెండో వేవ్‌లో ఐసీయూ బెడ్డు కోసం బంగారం తాకట్టు పెట్టిన ఏడాది అది. ఈ అంకె ఇలా రావడానికి కారణం లెక్క కట్టే పద్ధతి. కుటుంబాల ఖర్చు తెలిసేది జాతీయ నమూనా సర్వే ద్వారా. ఈ ఖాతాలకు ఆధారమైన 75వ రౌండు సర్వే 2017-18 నాటిది. ఆ తర్వాతి ఏళ్లకు దాన్నే ధరల సూచీతో ముందుకు జరుపుతూ వచ్చారు. సర్వే అయ్యాక జనం ఆసుపత్రికి వెళ్లే తీరు మారితే ఆ మార్పు ఈ పద్ధతికి కనబడదు. అదే సర్వేలో మరో అంకె మాత్రం గట్టిది. కాన్పులు మినహాయించి, ఒకసారి ఆసుపత్రిలో చేరితే ప్రభుత్వ ఆసుపత్రిలో సగటు ఖర్చు రూ.4,452, ప్రైవేటులో రూ.31,845. ఏడు రెట్ల తేడా. పది మంది రోగుల్లో ఒకరు ప్రభుత్వ వార్డు నుంచి ప్రైవేటు వార్డుకు మారినా, జబ్బులు ఒక్కటి కూడా పెరగకుండానే దేశం ఖర్చు పెరుగుతుంది.

బిల్లు విప్పి చూస్తే

గుండె రక్తనాళంలో అడ్డు తొలగించే చికిత్స యాంజియోప్లాస్టీ. దాని బిల్లు ఒకటి తీసుకుందాం. 2017 ఫిబ్రవరికి ముందు మందు పూత ఉన్న స్టెంట్ (ఆ నాళాన్ని తెరిచి ఉంచే చిన్న గొట్టం) సగటు ఎంఆర్‌పీ రూ.1,21,400. జాతీయ ఔషధ ధరల సంస్థ ఎన్‌పీపీఏ దానికి రూ.29,600 గరిష్ఠ ధర పెట్టింది. నాలుగో వంతు కంటే తక్కువకు దిగింది. స్టెంట్ పేరు, ధర బిల్లులో విడిగా చూపాలని కూడా ఆదేశించింది. అదే ఏడాది ఆగస్టులో కృత్రిమ మోకాలి కీళ్ల వంతు వచ్చింది. ఎక్కువగా వాడే కోబాల్ట్ క్రోమియం కీలు రూ.54,720 దగ్గర ఆగింది.

ఆ లెక్కన మొత్తం బిల్లు లక్ష రూపాయల దాకా తగ్గాలి. అంత తగ్గిన రోగులు తక్కువ. ఎందుకంటే యాంజియోప్లాస్టీలో స్టెంట్ ఒక వరుస మాత్రమే. దాని పైనా కిందా చాలా ఉంటాయి. గైడింగ్ క్యాథెటర్, గైడ్ వైరు, బెలూన్, ఆ బెలూన్‌ను ఉబ్బించే పరికరం, కాంట్రాస్ట్ మందు, క్యాథ్ ల్యాబ్ చార్జీ, కార్డియాలజిస్టు ఫీజు, ఐసీసీయూ రోజులు, నర్సింగ్ చార్జీ. ధర కట్టేసింది ఒక్క వరుసకే. మిగతావన్నీ ఆసుపత్రి ఇష్టం. గాలి బుడగను ఒక చోట నొక్కితే ఇంకో చోట ఉబ్బినట్టు, స్టెంట్ మీద పోయిన లాభం పక్క వరుసల్లోకి సర్దుకుంటుంది.

ఎన్‌పీపీఏ 2018 ఫిబ్రవరిలో ఢిల్లీ ప్రాంతంలోని నాలుగు పెద్ద ప్రైవేటు ఆసుపత్రుల బిల్లులను విప్పి చూసింది. కొన్ని వస్తువుల మీద కొన్న ధరకు గరిష్ఠంగా 1,737 శాతం మార్జిన్ బయటపడింది. మందులు, వాడి పారేసే సామగ్రి, పరీక్షలు కలిపి బిల్లులో దాదాపు సగం. ధర నియంత్రణలో ఉన్న మందుల వాటా బిల్లులో 4 శాతం దగ్గర ఉంటే, నియంత్రణ లేని మందుల వాటా 25 శాతం దగ్గర ఉంది. ఒకే జబ్బుకు రెండు రకాల మందులుంటే ఏది రాస్తే ఎవరికి లాభమో ఈ రెండు అంకెలే చెబుతాయి.

ఇందులో ఎంఆర్‌పీ దాటి వసూలు చేయాల్సిన పనే లేకపోవడం గమనించాలి. సిరంజి, గ్లవ్స్, ఐవీ సెట్ లాంటివి ఆసుపత్రి టోకుగా కొంటుంది. టోకున కొనే ఆసుపత్రికి ఎక్కువ మార్జిన్ కావాలి కాబట్టి, తయారీదారు ఎంఆర్‌పీనే ఎక్కువ అచ్చేస్తాడు. ఆరు రూపాయలకు కొన్నది అరవై రూపాయల ఎంఆర్‌పీకి అమ్మినా చట్టం దాటినట్టు కాదు. బయట మందుల షాపులో ఇలా సాగదు, పక్క షాపువాడు తక్కువకు ఇస్తాడు. ఆసుపత్రి లోపల మంచం మీదున్న మనిషికి పక్క షాపు ఉండదు.

మందుల ధరలు మాత్రం అనుకున్నంత దోషులు కావు. నియంత్రిత మందుల ధర ఏటా టోకు ధరల సూచీ ప్రకారమే కదులుతుంది. 2022 ఏప్రిల్‌లో 10.77 శాతం, 2023లో 12.12 శాతం పెరిగింది, 2024లో పెరగనే లేదన్నంత తక్కువ. నియంత్రణ లేనివాటికి ఏటా 10 శాతం దాకా పెంచుకునే వీలుంది. పేటెంట్ పోతే ధర కుప్పకూలుతుంది కూడా. షుగరుకు వాడే ఎంపాగ్లిఫ్లోజిన్ మాత్ర అరవై రూపాయల దగ్గర ఉండేది. 2025 మార్చిలో పేటెంట్ ముగియగానే పది రూపాయల లోపు జెనరిక్‌లు వచ్చాయి. మాత్రల మార్కెట్లో పోటీ ఉంది కాబట్టి అది జరిగింది. ఆపరేషన్ థియేటర్లో పోటీ లేదు.

గది అద్దె ఇంకో తమాషా. చాలా ప్రైవేటు ఆసుపత్రుల్లో జనరల్ వార్డు, షేరింగ్, సింగిల్ రూమ్, డీలక్స్ అని మెట్లుంటాయి. గది మారితే అద్దె ఒక్కటే మారదు. అదే సర్జన్ చేసిన అదే ఆపరేషన్‌కు ఫీజు, థియేటర్ చార్జీ, విజిట్ చార్జీ అన్నీ పై మెట్టుకు జరుగుతాయి. బీమా ఉన్నవాళ్లకు దెబ్బ తగిలేది ఇక్కడే. ఐదు లక్షల పాలసీలో గది అద్దె పరిమితి రోజుకు ఒక శాతం ఉందనుకుందాం, అంటే రూ.5,000. రూ.8,000 గదిలో చేరితే, గదితో ముడిపడిన చార్జీలు రూ.2 లక్షలైతే కంపెనీ ఎనిమిదింట ఐదు వంతులే, రూ.1,25,000 ఇస్తుంది. మిగతా రూ.75,000 సొంతానిది. మందులు, ఇంప్లాంట్లు, పరీక్షల మీద ఈ కోత వేయకూడదని నిబంధన ఉంది. క్లెయిమ్ కాగితం చూసుకునేటప్పుడు ముందు చూడాల్సింది అదే.

యంత్రం ఆకలి

ఒక ఎంఆర్‌ఐ యంత్రం లెక్క వేద్దాం. ఉదాహరణకు ధర ఆరు కోట్లు, ఐదేళ్ల రుణం, పది శాతం వడ్డీ. నెల వాయిదా పన్నెండు లక్షల డెబ్బై వేల చిల్లర. కరెంటు, మెయింటెనెన్స్ కాంట్రాక్టు, టెక్నీషియన్లు, రేడియాలజిస్టు కలిపితే నెలకు పద్దెనిమిది లక్షలు తేలిగ్గా దాటుతుంది. స్కాన్‌కు ఆరు వేలు వసూలు చేస్తే నెలకు మూడు వందల స్కాన్లు పడాలి, అప్పుడు లాభం లేదు నష్టం లేదు. ఆదివారాలు పోను రోజుకు పదకొండు, పన్నెండు. ఊళ్లో అవసరం రోజుకు ఆరే అయితే మిగతా ఆరు ఎక్కడినుంచి రావాలి? జిల్లా కేంద్రంలో ఒకటి ఉన్నచోట నాలుగు యంత్రాలు పెడితే పోటీ వల్ల ధర తగ్గుతుందనుకుంటాం. ధర కాస్త తగ్గుతుంది, స్కాన్లు మాత్రం చాలా పెరుగుతాయి. రాసేది డాక్టరు, కట్టేది రోగి కావడంతో సరుకు పెరిగితే గిరాకీ కూడా పెరిగే విచిత్రమైన బజారు ఇది.

ఆ మిగతా ఆరింటిని తెచ్చే దారి తెలుగు పల్లెల్లో అందరికీ తెలిసిందే. ఆర్‌ఎంపీ నుంచి పట్నం ఆసుపత్రికి, అక్కడినుంచి డయాగ్నస్టిక్ సెంటర్‌కు రిఫరల్ కమిషన్ నడుస్తుంది. 2002 నాటి వైద్య నైతిక నియమావళిలోని 6.4 నిబంధన డాక్టర్లు కమిషన్ ఇవ్వడాన్ని, తీసుకోవడాన్ని నిషేధించింది. ఆర్‌ఎంపీ రిజిస్టరైన డాక్టరే కాడు కాబట్టి ఆ నియమావళి అతన్ని పట్టుకోలేదు. ఆసుపత్రికి ఆ కమిషన్ ఒక ఖర్చు. అది బిల్లులో ఏ పేరుతోనూ కనిపించదు, ప్రతి వరుసలోనూ కొంచెం కొంచెం కలిసి ఉంటుంది.

చెల్లించే పద్ధతి వైద్యాన్ని ఎలా మార్చేస్తుందో చూడాలంటే తెలంగాణ కాన్పులంత మంచి ఉదాహరణ దేశంలో దొరకదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో సిజేరియన్లు 21.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 42.4, తెలంగాణలో 60.7. తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రుల్లోనైతే 81.5 శాతం. ప్రపంచ ఆరోగ్య సంస్థ చాలాకాలం ఆదర్శంగా చెప్పింది 10 నుంచి 15. కరీంనగర్ ఆడవాళ్ల ఎముకల నిర్మాణం వేరేమీ కాదు. తేడా గంటల్లో ఉంది. మొదటి కాన్పు నొప్పులు పన్నెండు గంటలు సాగవచ్చు, అర్ధరాత్రి కావచ్చు, అంతసేపూ ఎవరో ఒకరు దగ్గరుండాలి. సిజేరియన్ గంటలోపు అయిపోతుంది, ముందే తేదీ రాసుకోవచ్చు, దానికి మత్తు డాక్టరు ఫీజు, థియేటర్ చార్జీ, నాలుగైదు రోజుల గది అద్దె తోడవుతాయి. ఇవతలివైపు ముహూర్తం పెట్టించుకొచ్చే కుటుంబాలూ ఉన్నాయి, ఆ మాట దాచడం అన్యాయం. ఒకసారి కోత పడితే తర్వాతి కాన్పుకూ చాలామట్టుకు కోతే. అలా ఒక ఏడాది నిర్ణయం నాలుగేళ్ల తర్వాతి ఖర్చును కూడా రాసి పెడుతుంది.

2017లో కేసీఆర్ కిట్ వచ్చాక కాన్పులు పెద్ద ఎత్తున ప్రభుత్వ ఆసుపత్రులకు మళ్లాయి. కుటుంబాల ఖర్చు తగ్గింది. కానీ ప్రభుత్వ ఆసుపత్రుల్లోనూ సిజేరియన్లు 44.5 శాతం ఉన్నాయని అదే సర్వే చెప్పింది. దేశంలోని ప్రభుత్వ ఆసుపత్రుల సగటు 14.3. జేబు ఖర్చు ప్రభుత్వ ఖర్చుగా మారిందే తప్ప కోత అలవాటు పోలేదు. నొప్పుల గదిలో గంటలకొద్దీ కూర్చునే మనుషులు లేకుండా అది పోదని గుర్తించాకే మిడ్‌వైఫ్‌ల శిక్షణ మొదలైంది.

గర్భసంచి ఆపరేషన్లదీ ఇలాంటి కథే. అదే సర్వేలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీసేయించుకున్నవారు దేశంలో 3 శాతం చుట్టూ ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 9, తెలంగాణలో 8 దగ్గర ఉన్నారు.

ప్యాకేజీ గట్టు

ఇన్ని వరుసల బిల్లుకు విరుగుడుగా వచ్చిందే ప్యాకేజీ. 2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీ ఈ పద్ధతిని దేశానికి చూపించింది. ఫలానా ఆపరేషన్‌కు ఫలానా మొత్తం, అందులోనే మందులు, సామగ్రి, మంచం, భోజనం, డిశ్చార్జి అన్నీ. గ్లవ్స్ ఎక్కువ వాడితే ఆసుపత్రికే నష్టం. 2018 సెప్టెంబరులో వచ్చిన ఆయుష్మాన్ భారత్ కూడా ఇదే బాట పట్టింది.

ప్యాకేజీకి తనవైన రోగాలున్నాయి. ఒక్కో కేసులో ఖర్చు పెంచుకునే దారి మూసుకుపోతే కేసుల సంఖ్య పెంచుకునే దారి తెరుచుకుంటుంది. చిన్న కేసును పెద్ద కోడ్ కింద రాయడం, ఒకే చికిత్సను రెండు ప్యాకేజీలుగా చీల్చడం, మందులతో నయమయ్యేదానికి ఆపరేషన్ చేయడం అందులోవే. ముందస్తు అనుమతికి ఫొటోలు, స్కాన్ ఫిల్ములు, రిపోర్టులు అడిగేది ఇందుకే. రెండో రోగం ధర పాతబడటం. ప్యాకేజీ రేటు ఏళ్ల తరబడి అలాగే ఉంటే ఆసుపత్రి ఆ ఆపరేషన్ మానేస్తుంది, లేదా పైన కొంత చేతిలో పెట్టమంటుంది. మూడోది, అన్నిటికంటే ముదిరినది, బకాయిలు. బడ్జెట్‌లో పెట్టింది ఒకటి, క్లెయిములు వచ్చేది ఇంకొకటి. నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపేస్తామని నోటీసులివ్వడం రెండు రాష్ట్రాల్లోనూ మామూలు వార్త అయిపోయింది. అలాంటి స్థితిలో 2023 డిసెంబరులో తెలంగాణ ఆరోగ్యశ్రీ పరిమితిని పది లక్షలకు, ఆంధ్రప్రదేశ్ పాతిక లక్షలకు పెంచాయి. పరిమితి పెంచినంత మాత్రాన ఖర్చు అంత పెరగదు, అంత పెద్ద కేసులు తక్కువ. ఖర్చును నడిపేది కార్డు మీది పరిమితి కంటే జాబితాలో ఎన్ని చికిత్సలున్నాయి, వాటి రేటెంత, ఏటా ఎన్ని కేసులు అన్నవే.

ప్రైవేటు బీమాకు ఇంత బేరమాడే బలం లేదు. కంపెనీలు చాలా, ఆసుపత్రి ఒకటే. ఆసుపత్రి రేటు పెంచితే కంపెనీ ప్రీమియం పెంచుతుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు కొందరు పాలసీ మానేస్తారు, మిగిలినవాళ్లలో రోగుల వాటా పెరిగి ప్రీమియం మళ్లీ పెరుగుతుంది. 2025 జనవరిలో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ వృద్ధుల ప్రీమియంను తనను సంప్రదించకుండా ఏటా పది శాతానికి మించి పెంచకూడదంది. అదే ఏడాది సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీల మీద 18 శాతం జీఎస్టీ పోయింది. రెండూ మంచివే. రెండూ ఆసుపత్రి రేటు కార్డును మాత్రం తాకలేదు.

పెరగక తప్పని ఖర్చు

అంతా దోపిడీయే అనుకుంటే లెక్క తప్పుతుంది. వెంటిలేటర్ మీదున్న రోగికి ఒక నర్సు ఉండాలి. వారానికి 168 గంటలు. నర్సు పని 48 గంటలు. అంటే ఒక్క మంచానికి మూడున్నర మంది, సెలవులు కలుపుకుంటే నలుగురికి పైనే. ఫ్యాక్టరీలో కొత్త యంత్రం వస్తే ఒక మనిషి పది మంది పని చేస్తాడు. ఐసీయూలో ఎంత ఖరీదైన మానిటర్ పెట్టినా ఆ నలుగురు తగ్గరు. బయట జీతాలు పెరిగితే నర్సు జీతమూ పెరగాలి, పని మాత్రం అంతే. 1960ల్లో ఆర్థికవేత్త విలియం బౌమోల్ సంగీత కచేరీల గురించి చెప్పిన సూత్రం ఇదే.

ఇక జబ్బుల భారం. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం దేశంలో షుగరున్నవాళ్లు పది కోట్ల పైమాటే, పెద్దల్లో 35 శాతం మందికి పైగా బీపీ. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఒక్కో మహిళకు పిల్లల సగటు రెండు కంటే తక్కువకు వచ్చింది, అంటే ముసలివాళ్ల వాటా దేశంకంటే ముందే పెరుగుతుంది. దీర్ఘకాలిక జబ్బు లెక్క ఆపరేషన్ లెక్కలా ఒక్కసారితో ముగియదు. వారానికి మూడుసార్లు డయాలసిస్ అంటే ఏడాదికి 156 సార్లు. ఒక్కోసారికి రూ.1,500 అనుకున్నా ఏడాదికి రూ.2,34,000. రక్తం పెరిగే ఇంజెక్షన్లు, రానుపోను చార్జీలు, పోయిన కూలి రోజులు దీనిమీద. డయాలసిస్ దొరకని కాలంలో ఆ మనిషి కొన్ని నెలల్లో పోయేవాడు, ఖాతాలో ఖర్చూ అంతటితో ఆగేది. ఇప్పుడు పదేళ్లు బతికితే పదేళ్ల ఖర్చు. వైద్యం ఫలించడం వల్ల పెరిగిన ఖర్చు ఇది.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బుకు అసలు కారణం ఏమిటో ఇంతవరకు తేలలేదు. నీళ్లు కావచ్చు, ఎండలో పని కావచ్చు, రెండూ కావచ్చు. 2023 డిసెంబరు 14న అక్కడ రెండు పనులు ఒకే రోజు ప్రారంభమయ్యాయి. ఒకటి పలాసలో 200 పడకల కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి. రెండోది హిరమండలం రిజర్వాయరు నుంచి ఉద్దానం ఊళ్లకు వంశధార నీళ్లు తెచ్చే పథకం, దాదాపు రూ.700 కోట్లది. ఆసుపత్రి మీద పెట్టే ప్రతి రూపాయీ జాతీయ ఆరోగ్య ఖాతాలకు ఎక్కుతుంది. నీళ్ల పైపుల మీద పెట్టింది ఎక్కదు. ఆ ఖాతాల నిబంధనల ప్రకారం తాగునీరు ఆరోగ్య ఖర్చు కిందకు రాదు.